మంచు కింద చక్కెర

మంచు అనగానే మనకు గుర్తొచ్చేవి రెండే. ఒకటి, పుష్యమాసంలో తెల్లవారకముందే వాకిట్లో ముగ్గు వేస్తుంటే "మంచు పడుతున్నది, తలకు గుడ్డ కట్టుకోరాదా" అని అత్తమ్మ లోపలినుంచి కేక వేసే మంచు. రెండోది సినిమాలో మంచు. హీరో స్వెట్టరు మీద కోటు వేసుకుని ఉంటాడు, హీరోయిన్ పాపం పల్చటి షిఫాను చీరలో వణక్కుండా పాట పూర్తి చేస్తుంది. ఈ రెండు మంచులూ ఎవరికీ హాని చేసేవి కావు. నేనివాళ మీతో చెప్పదలచుకున్నది మూడో మంచు సంగతి. కొండవాలు మీద దూదిపరుపులా పడుకుని ఉండి, మనిషి కాలు పెట్టగానే కొండంతా కదిలి వచ్చే మంచు. దాన్నే పేపర్లలో మంచుచరియలు విరిగిపడ్డాయని రాస్తుంటారు.

"పచ్చళ్ళ పేజీకీ ముగ్గుల పేజీకీ మధ్య ఈ మంచుకొండల గొడవ మనకెందుకమ్మా?" అని పేజీ తిప్పేయకండి. మాది నిజామాబాద్ జిల్లా సిరికొండ. ఎండాకాలం వస్తే కుండలో నీళ్ళే మాకు మంచు. అలాంటి మా మండలానికి మంచుకొండలతో పెద్ద చుట్టరికమే కలిసింది. మాలావత్ పూర్ణ పేరు మీరు వినే ఉంటారు. మా మండలంలోని పాకాల ఆ అమ్మాయి ఊరు. తాడ్వాయిలోని సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుకుంటూ, 2014 మే 25న, పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన ఆనంద్ కుమార్ అనే విద్యార్థి కూడా ఆమెతోపాటు ఎక్కాడు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు. ఆ వారమంతా మా ఊళ్ళో ఏ అరుగు మీద చూసినా ఇదే ముచ్చట.

మా పెద్దమ్మాయి అప్పుడు ఆరో తరగతి. టీవీ ముందునుంచి లేవకుండా చూసి, "అమ్మా, నేను గూడ ఎక్కుత" అంది. పిల్లలు ఏది చూస్తే అది కావాలంటారు కదా, పదిరోజుల్లో మరిచిపోతుందిలే అనుకున్నాం. మరిచిపోలేదు. హైదరాబాదులో ఉద్యోగం వచ్చాక సెలవు రోజుల్లో భువనగిరి కొండ మీద తాడు పట్టుకుని ఎక్కడం నేర్చుకుంది. పూర్ణకు, ఆమెతో ఎంపికైన పిల్లలకు మొదటి శిక్షణ ఇచ్చింది కూడా ఆ భువనగిరి కొండ మీదే. తరువాత మా అమ్మాయి సొంత జీతంలోంచి దాచుకున్న డబ్బుతో కాశ్మీరులోని గుల్మార్గ్ వెళ్ళి స్కీయింగ్ నేర్చుకుంటానంది. కాళ్ళకు పొడవాటి పలకలు బిగించుకుని మంచు మీద జారే ఆట అది.

మా ఇంటాయన మొహం చిట్లించారు. అత్తమ్మ అయితే "ఆడపిల్ల, ఆ చలిల, ఆ కొండల మీద, ఎందుకే?" అని రెండురోజులు అన్నం సరిగ్గా తినలేదు. నేను ఒక్క షరతు పెట్టాను. "అక్కడ ఏం నేర్చుకున్నవో ఇంటికొచ్చి నాకు నేర్పాలె. నాకర్థమయ్యేదాక నేర్పాలె." సరేనంది. వచ్చాక నిజంగానే నేర్పింది. నల్లబల్ల మీద కాదు, మా వంటింట్లో, చపాతీ పిండితో, చక్కెరతో. ఆ పాఠం మీకూ చెప్తాను. చేసి చూడండి, గంటసేపు పని కూడా కాదు.

ఒక వెడల్పాటి ట్రేగాని, చెక్క పీటగాని తీసుకోండి. దానిమీద తువ్వాలు పరచండి. తువ్వాలు మీద గోధుమపిండి అరంగుళం మందాన పోసి అరచేత్తో మెల్లగా అదమండి. ఇప్పుడు పీటను ఒకవైపునుంచి కొద్దికొద్దిగా పైకెత్తండి. పిండి చాలాసేపు కదలదు. అదే పిండి తీసేసి, ఈసారి ముందుగా తువ్వాలు మీద చక్కెర పల్చగా చల్లి, ఆ పైన పిండి వేసి అదమండి. మళ్ళీ ఎత్తండి. ఈసారి తొందరగానే, అదీ కొంచెం కొంచెంగా కాదు, మొత్తం పిండి ఒకే పలకలాగా విడివడి సర్రున కిందికి జారుతుంది. పైన పిండి రెండుసార్లూ ఒకటే. తేడా అంతా అడుగున, కంటికి కనిపించని చోట ఉంది. పని అయిపోయాక జల్లెడ పట్టుకుంటే పిండి పిండే, చక్కెర చక్కెరే. ఏదీ వృథా పోదు.

కొండల మీద జరిగేదీ అచ్చంగా ఇదే. చలికాలం మొదట్లో పడ్డ పల్చటి మంచుకు కింద నేల కాస్త వెచ్చగా ఉంటుంది, పైన గాలి కొరికే చలి. ఈ తేడా వల్ల మంచులోని ఆవిరి పైకి పాకుతూ రేణువులను పెద్దవిగా, కోణాలు తేలేలా మారుస్తుంది. ఆ రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోవు. చేత్తో ముద్ద కడితే ముద్ద కాదు, వేళ్ళసందుల్లోంచి రాలిపోతుంది. దానికి ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న పేరు కూడా షుగర్ స్నో, అంటే చక్కెర మంచు. ఆ మాట వినగానే నాకు నవ్వొచ్చింది. బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్ల వెంట పరుగెత్తి గడలు లాక్కుని తిన్న తరం మాది. ఆ ఫ్యాక్టరీ 2015 చివరలో మూతపడేదాకా చక్కెర అంటే మా జిల్లాకు అన్నం పెట్టే సంగతే. అదే చక్కెర పేరుతో కొండల్లో మనిషి ప్రాణం తీసేది ఒకటుందని ఎవరనుకున్నారు?

ఇక ఆ చక్కెర మీద తుపాను వచ్చి మూడురోజులు మంచు కురిసిందనుకోండి. పైన బరువైన పలక తయారవుతుంది. గాలి వీస్తే ఇంకా ప్రమాదం. మన వాకిట్లో గాలికి దుమ్మంతా తలుపు వెనక మూలకు చేరినట్టు, గాలి ఒకవైపు మంచును ఎత్తుకెళ్ళి రెండోవైపు వాలు మీద కుప్పపోస్తుంది. కురిసినదానికంటే అక్కడ ఎన్నో రెట్లు మందంగా పేరుకుంటుంది. ఆ బరువు మోస్తూ అడుగునున్న చక్కెర ఎప్పుడు విరుగుదామా అని చూస్తుంటుంది. తుపాను వెలిసిన తరువాత మొదటి ఒకటి రెండు రోజులు మరీ జాగ్రత్తగా ఉండమని అందుకే చెప్తారు.

వాలు సంగతి కూడా తెలుసుకోండి. మరీ చదునైన చోట మంచు జారదు. మరీ నిటారైన చోట ఎప్పటికప్పుడు రాలిపోతూ ఉంటుంది కాబట్టి అంతగా పేరుకోదు. ఎక్కువ చరియలు కదిలేది 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలుల మీద. పిల్లల జామెట్రీ పెట్టెలో రెండు మూలమట్టాలుంటాయి చూడండి. ఒకదాని మూల 30, ఇంకోదాని మూల 45. ఆ రెంటి మధ్య వాలు అన్నమాట. చిక్కేమిటంటే స్కీయింగ్ చేసేవాళ్ళకు జారడానికి బాగా సరదాగా ఉండే వాలు కూడా అదే.

ఇంకో మాట విని నేను చేతిలో పని ఆపేశాను. సరదా కోసం మంచుకొండలకు వెళ్ళి చరియల్లో చిక్కుకున్నవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది విషయంలో, ఆ చరియను కదిపింది వాళ్ళో, వాళ్ళతో వచ్చినవాళ్ళో. అంటే అది పైనుంచి వచ్చిపడ్డ పిడుగు కాదు, మనిషి అడుగు పెడితే తెగిన పలక. కాబట్టి అడుగు పెట్టాలా వద్దా అన్న నిర్ణయం మనిషి చేతిలోనే ఉంది. ఒకసారి మంచు కింద పడ్డాక మాత్రం ఆ మంచు సిమెంటులా బిగుసుకుంటుంది, వేలు కూడా కదలదు. పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే బతికే ఆశ ఎక్కువ, ఆ తరువాత వేగంగా తగ్గిపోతుంది. అంత తొందరగా ఊళ్ళోంచి ఎవరూ రాలేరు. పక్కనున్నవాళ్ళే తీయాలి. అందుకే ప్రతి ఒక్కరి ఒంటి మీద ట్రాన్సీవర్ అనే చిన్న రేడియో యంత్రం, సంచిలో ఒక పార, మంచులో గుచ్చి వెతికే పొడవాటి మడత కడ్డీ ఉండాలి. ఈ మూడూ లేనివాళ్ళతో పోకూడదు, మూడూ ఉన్నాయి కదా అని ధైర్యం చేసి పోకూడదు.

ఎవరెస్టు చరిత్రలో మొదటి మరణాలు ఎలా జరిగాయో తెలుసా? 1922లో బ్రిటిషువాళ్ళు టిబెట్ వైపునుంచి ఎక్కడానికి వెళ్ళారు. జూన్ మొదట్లో మంచు బాగా కురిసింది. తరువాత ఎండ కాసింది. మంచు సర్దుకుని ఉంటుందిలే అనుకుని, మల్లరీ అనే ఆయన ముందుండి, జూన్ 7న ఉత్తరపు కనుమ దగ్గరి వాలు ఎక్కడం మొదలుపెట్టారు. చరియ కదిలింది. బరువులు మోస్తూ తాళ్ళు కట్టుకుని వెనక వస్తున్న కూలీల్లో ఏడుగురు చనిపోయారు. తెల్లదొరల్లో ఒక్కరికీ ఏమీ కాలేదు. మల్లరీ ఆ తప్పు తనదేనని బాధపడ్డాడు. కొండలెక్కడంలో అప్పటికే పేరున్న మనిషి ఆయన. మంచు గురించి తెలియక కాదు, ఎండను నమ్మి వెళ్ళాడు. తొంభై రెండేళ్ళ తరువాత మా పాకాల పిల్ల ఎక్కింది కూడా ఆ ఉత్తరపు కనుమ మీదుగానే.

అంతెందుకు, మన దేశంలో 2022 అక్టోబరు 4న ఏం జరిగిందో చూడండి. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందం ద్రౌపదీ కా దండా అనే శిఖరం దగ్గర చరియలో చిక్కుకుంది. 27 మంది మృతదేహాలు దొరికాయి. వాళ్ళలో సవితా కంస్వాల్ అనే అమ్మాయి ఉంది. ఆ ఏడాది మే నెలలోనే ఎవరెస్టు ఎక్కి వచ్చిన శిక్షకురాలు. నేర్పేవాళ్ళు, నేర్చుకునేవాళ్ళు అని మంచు తేడా చూడలేదు. గుల్మార్గ్‌లోనే 2023 ఫిబ్రవరి 1న ఇద్దరు పోలండ్ దేశస్థులు, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యా దేశస్థుడు స్కీయింగ్ చేస్తూ ఇలాగే చనిపోయారు.

మరి ఇంత తెలిసినవాళ్ళు కూడా ఎందుకు వెళ్తారు? మంచును చదవలేక కాదట, మనసును చదవలేక. అమెరికాలో ఇయాన్ మెక్‌కామన్ అనే పరిశోధకుడు ఏడువందలకు పైగా చరియల ప్రమాదాలను పరిశీలించి, మనుషులు ఏ మాటలు చెప్పుకుని మోసపోతారో 2004లో రాశాడు. మా అమ్మాయి నోట్‌బుక్కులో వాటిని చదివితే, ఇవన్నీ మన ఇళ్ళలో రోజూ వినేవేగా అనిపించింది. నా మాటల్లో చెప్తాను.

"ఎన్నిసార్లు పోలేదు ఈ దారిలో, తెలిసిన చోటే కదా." ఇది మొదటిది. "నలుగురిలో మంచి అనిపించుకోవాలి, పిరికిదంటే ఎలా?" ఇది రెండోది. "ఇంత దూరం వచ్చాం, డబ్బు కట్టాం, అనుకున్నాక ఆగకూడదు." ఇది మూడోది. "పెద్దాయన ఉన్నాడు, ఆయనకు తెలుసు, మనమెందుకు నోరెత్తడం?" ఇది నాలుగు. "ఈ ఛాన్సు మళ్ళీ దొరకదు, మనకంటే ముందు ఎవరో తొక్కేస్తారు." ఇది ఐదు. "వాళ్ళందరూ వెళ్తున్నారు కదా, మనకేమవుతుంది?" ఇది ఆరు. దీన్నే మన పెద్దలు గొర్రెదాటు అన్నారు.

మా సిరికొండ దగ్గర కప్పలవాగు ఉంది. ఎండాకాలం ఇసుక తప్ప ఏముండదు, మేకలు దాటుతాయి. వానాకాలంలో పైన గట్టి వాన పడితే ఉన్నట్టుండి ఉరుకుతూ వస్తుంది. అప్పుడు ఒడ్డున నిలబడి మగవాళ్ళు చెప్పుకునే మాటలు వినండి. "మోకాళ్ళ లోతే గద, రోజు దాటే వాగే గద, ట్రాక్టరు పోయింది గద, పెండ్లికి యాళ్ళయితున్నది గద." మెక్‌కామన్ ఆరు మాటలూ అక్కడ దొరుకుతాయి. మంచయినా నీళ్ళయినా మనిషి ఒకటే.

ఇప్పుడు మా అమ్మాయి సంగతి చెప్తాను. రెండేళ్ళు కోర్సులు చేశాక, మూడో ఏడు ఫిబ్రవరిలో ఐదుగురు స్నేహితులతో కలిసి మళ్ళీ గుల్మార్గ్ వెళ్ళింది. అక్కడ కేబుల్ కారు దాదాపు 13,000 అడుగుల ఎత్తు దాకా తీసుకెళ్తుంది. పైన గుర్తులు పెట్టి హద్దులు చూపిన చోటును అక్కడి సిబ్బంది కనిపెట్టుకుని ఉంటారు, మంచు ప్రమాదంగా ఉంటే మూసేస్తారు. ఆ హద్దు దాటి బయటికి వెళ్తే ఎవరూ కాపలా ఉండరు, నీ ప్రాణానికి నువ్వే పూచీ. వీళ్ళు వెళ్ళిన రెండోరోజు నుంచి మూడురోజులు విడవకుండా మంచు. నాలుగోరోజు ఎండ. ఆ సాయంత్రం ఫోను వచ్చింది.

"అమ్మా, రేపు పొద్దున్నే పైకి పోదమంటున్నరు. హద్దు బయటికి. అక్కడ ఎవ్వరు తొక్కని మంచు ఉన్నదంట."

"తీసుకపోయేటాయన ఏమంటున్నడు?"

"ఏం కాదంటున్నడు. పదేండ్లసంది పోతున్నడంట."

"నీకేమనిపిస్తున్నది బిడ్డా?"

కాసేపు మాట లేదు. తరువాత అంది. "మొన్న గాలి గూడ బాగ కొట్టింది. హెచ్చరికల మూడో నంబరు ఉన్నది. నాకు మనసొప్పుతలేదు. కని అందరు పైసలు కట్టిన్రు. నేనొక్కదాన్నే ఆగితే మంచిగుండదే అమ్మా."

ఆ హెచ్చరికల్లో ఒకటి నుంచి ఐదు నంబర్లుంటాయి. ఐదు చాలా ప్రమాదం. చిత్రమేమిటంటే ఎక్కువమంది చనిపోయేది ఐదో నంబరు రోజున కాదు, మూడో నంబరు రోజుల్లో. ఐదు అంటే భయపడి ఎవరూ కదలరు. మూడు అంటే నడిమి రకమే కదా అని బయల్దేరతారు. మన దేశంలో చండీగఢ్‌లోని రక్షణశాఖ పరిశోధన సంస్థ, డి.జి.ఆర్.ఇ. అంటారు, హిమాలయాలకు ఈ హెచ్చరికలు ఇస్తుంది.

పోవద్దని నేను చెప్పలేదు. పొమ్మనీ చెప్పలేదు. "పీట మీద పిండి యాదికున్నదా?" అని మాత్రం అడిగాను. "ఉన్నది" అంది. "రేపటి పీట కింద చక్కెర ఉన్నదా లేదా నీకు తెల్వదు. తెల్వనప్పుడు ఉన్నదనే అనుకోవాలె గద" అన్నాను. ఫోను పెట్టేశాక ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు. మా ఇంటాయనకూ లేదు, పైకి చెప్పలేదు గాని.

మర్నాడు మా అమ్మాయి, ఇంకొక అమ్మాయి ఆగిపోయారు. నలుగురు వెళ్ళారు. మధ్యాహ్నానికి నలుగురూ నవ్వుకుంటూ తిరిగొచ్చారు, ఫోను నిండా ఫొటోలతో. "చూసినవా, ఏం కాలేదు. మిస్సయినవు" అని ఆటపట్టించారు. సాయంత్రం ఫోనులో మా అమ్మాయి గొంతు పూడుకుపోయింది. "ఏం కాలేదు గదమ్మా. నేనే ఉత్తగ పిరికిదాన్నయిన."

అక్కయ్యలారా, చెల్లెళ్ళారా, ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నది ఈ మాట కోసమే. ఏమీ కాకపోతే చేసింది సరైన పని అయిపోతుందా? ఇంట్లో గ్యాసు వాసన వస్తోంది. ఒకావిడ అగ్గిపుల్ల గీసింది. అంటుకోలేదు. అయితే అగ్గిపుల్ల గీయడం మంచిపనేనని మనం ఒప్పుకుంటామా? పక్కింటావిడ గీయకుండా కిటికీలు తెరిచి బయట నిలబడితే ఆమెను పిరికిదంటామా? నేను మా అమ్మాయికి ఇదే చెప్పాను. వంటింట్లో మనకు జవాబు వెంటనే దొరుకుతుంది. ఉప్పెక్కువైతే నాలుక చెప్తుంది, నూనె మరిగితే చెయ్యి చెప్తుంది. కొండ అలా చెప్పదు. పదిసార్లు తప్పు చేసినా ఊరుకుంటుంది. ఊరుకున్న ప్రతిసారీ మనిషి తాను సరిగ్గా చేశాననుకుంటాడు, ధైర్యం పెరుగుతుంది. పదకొండోసారి చెప్తుంది. ఆ "పదేండ్లసంది పోతున్న" అన్నాయన ధైర్యం ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది కదా. ఆ నలుగురు పిల్లలూ క్షేమంగా వచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. వాళ్ళూ నా బిడ్డల్లాంటివాళ్ళే. కాని వాళ్ళు వచ్చారు కాబట్టి మా అమ్మాయి నిర్ణయం తప్పయిందని మాత్రం ఒప్పుకోను.

"అసలు పంపకపోతే ఏ గొడవా లేదు" అంటారు మా అత్తమ్మ. మీలోనూ చాలామంది అదే అనుకుంటూ ఉంటారు. బతికుంటే బలుసాకు తిని బతకవచ్చు అన్న సామెత నాకూ తెలుసు. కాని వద్దని గడప దాటనివ్వకుండా ఉంటే ఏమయ్యేది? ఎప్పుడో ఒకప్పుడు చెప్పకుండా వెళ్ళేది. ఆ సాయంత్రం "నాకు మనసొప్పుతలేదు" అని చెప్పుకోవడానికి ఆమెకు ఇంట్లో మనిషి ఉండేది కాదు. పిల్లలు భయం చెప్పుకోగలిగే చోటు మనమే కావాలి. అరిచే తల్లికి ఎవరూ భయం చెప్పుకోరు.

పూర్ణను చూసైనా ఇది తెలుసుకోవాలి. ఎవరెస్టు ఎక్కిందని అందరికీ తెలుసు, దానికి ముందు జరిగింది తెలిసినవాళ్ళు తక్కువ. నూరుమందికి పైగా పిల్లల్ని భువనగిరిలో పరీక్షించి, వాళ్ళలో కొందరిని డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థకు పంపి, అందులోంచి ఇంకొందరిని లడఖ్ చలిలో ఉంచి, వడగట్టి వడగట్టి చివరికి ఇద్దరిని పంపారు. ఆ ఏడే 2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఎవరెస్టు దారిలో మంచుగడ్డలు విరిగిపడి 16 మంది చనిపోయారు. ఎక్కేవాళ్ళ కోసం బరువులు మోస్తూ, దారి వేస్తూ పోయినవాళ్ళు వాళ్ళు. ఆ తరువాత షెర్పాలు ఈ ఏడు ఇక ఎక్కమని నిలబడ్డారు. ఆ వైపు ఎక్కడం ఆ సీజనుకు ఆగిపోయింది. కూలి పోతుందని తెలిసీ వద్దన్నారు చూడండి, అది నాకు శిఖరం ఎక్కినంత పెద్దపని అనిపిస్తుంది. నేపాల్‌లో పదహారేళ్ళు నిండనివాళ్ళను ఎక్కనివ్వరు కాబట్టి మన పిల్లలు టిబెట్ వైపునుంచి వెళ్ళారు. ఆ కబురు విన్న పాకాల తల్లి గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో మనం ఊహించుకోవలసిందే. పూర్ణ అక్కడితో ఆగలేదు, 2022 జూన్ నాటికి ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలూ ఎక్కేసింది. ధైర్యం ఒక్కటే ఆమెను అంతదూరం తీసుకెళ్ళి, క్షేమంగా తీసుకొచ్చిందని నేననుకోను. నేర్చుకోవడం తీసుకెళ్ళింది.

వద్దనే హక్కు అందరికీ ఉండదు కూడా. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో పదిమంది సైనికుల మీద మంచు విరిగిపడింది. వాళ్ళలో మన కర్నూలు జిల్లా సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. హనుమంతప్ప అనే సైనికుణ్ణి ఆరురోజుల తరువాత ప్రాణాలతో తీశారు, రెండురోజులకు ఆయనా దక్కలేదు. ఆజ్ఞ అయితే సిపాయి అక్కడ ఉండాల్సిందే. సరదాకు వెళ్ళే మన పిల్లలకు "ఇవాళ వద్దు" అనే వీలుంది. దొరికిన ఆ వీలును సిగ్గుతో వదులుకోవడం ఎంత అన్యాయం?

చివరగా నాలుగు మాటలు. మీ అబ్బాయో అమ్మాయో చలికాలంలో మనాలి అనో, గుల్మార్గ్ అనో, ఔలీ అనో బయల్దేరితే ఏడవకండి, అరవకండి. ఇవి అడగండి.

ఒకటి: గడిచిన రెండురోజుల్లో అక్కడ మంచు కురిసిందా, గాలి వీచిందా? ఇవాళ్టి హెచ్చరిక ఎన్నో నంబరు?

రెండు: మీరు వెళ్ళేది హద్దు లోపలా, బయటా? ఆ వాలు, దాని పైనున్న వాలు 30 డిగ్రీలు దాటుతాయా? కింద నడిచేవాళ్ళ మీదికి పైవాలు వస్తుందని మరిచిపోవద్దు.

మూడు: ట్రాన్సీవర్, పార, కడ్డీ అందరి దగ్గరా ఉన్నాయా? వాడటం అందరూ నేర్చుకున్నారా?

నాలుగు: మీలో ఒక్కరు వద్దంటే అందరూ ఆగుతారని ముందే మాట అనుకున్నారా? ఇది బయల్దేరే ముందే, ఇంట్లో ఉన్నప్పుడే అనుకోవాలి. కొండ మీద అనుకునేసరికి ఆ ఆరు మాటలు చెవిలో చేరి ఉంటాయి.

ఇంకొకటి మనకు. వాళ్ళు ఆగిపోయి, ఏమీ ఎక్కకుండా, ఖర్చు దండగ చేసుకుని ఇంటికొస్తే "అంత డబ్బు పోసి ఉత్తగనే వచ్చినవా?" అనకండి. మెచ్చుకోండి. మా అమ్మాయి వచ్చిన రోజు నేను సకినాలు చేసి పెట్టాను. అత్తమ్మ దగ్గర కూర్చుని తినిపించింది.

దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. టీవీలో చూస్తే ఇంకా నునుపు. అందుకే ఈ ఆదివారం తీరిక చేసుకుని పీట, పిండి, చక్కెర తీసి పిల్లల చేత ఆ పని చేయించండి. జల్లెడ మాత్రం దగ్గర పెట్టుకోవడం మరవకండి.